కుండీలో నాటు టమాటా: నెల్లూరు, ఒంగోలు మిద్దెల మీద మొదటిసారి పెంచేవాళ్ళకి

విత్తనం, కుండీ, ఎరువు అన్నీ తర్వాత. ముందు ఇప్పుడు ఏ నెలో చూసుకోండి. మన దగ్గర నాటు టమాటా కాస్తుందా కాయదా అనేది ముప్పాతిక వంతు అక్కడే తేలిపోతుంది.

మిద్దె తోట వీడియోలు ఎక్కువగా హైదరాబాద్ వాళ్ళవి, బెంగళూరు వాళ్ళవి. జూన్, జులైలో విత్తనం వేయండి అంటారు. వాళ్ళ ఊరికి అది సరే. మనకి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే ఈశాన్య రుతుపవనాలవి. జులైలో విత్తనం వేస్తే మొక్క సెప్టెంబర్‌లో పూతకొస్తుంది, అప్పటికి మన ఎండ ఏమీ తగ్గి ఉండదు, రాత్రి కూడా ఉక్కగానే ఉంటుంది, పూత వచ్చింది వచ్చినట్టు రాలిపోతుంది. అలా రాలకుండా మిగిలిన నాలుగు పిందెలు కాయలయ్యే సమయానికి వాయుగుండం వచ్చి కుండీలు నీళ్ళతో నిండిపోతాయి. టమాటా పువ్వు పిందె కట్టాలంటే పగలు 30 డిగ్రీల చుట్టుపక్కల, రాత్రి 20 దగ్గర ఉండాలి. పగలు 35 దాటినా, రాత్రి 24కి పైన ఉన్నా పుప్పొడి సరిగ్గా పనిచేయదు. మొక్క పచ్చగా, ఏపుగా, చూడముచ్చటగా ఉంటుంది, కాయ మాత్రం ఉండదు. అప్పుడు అందరూ ఎరువు తక్కువైందని ఇంకా ఎరువు పోస్తారు. ఎరువుతో చేయగలిగింది ఏమీ లేదు అక్కడ.

నెల్లూరు, కావలి, ఒంగోలు లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో రాత్రులు చల్లబడేది డిసెంబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకానే. పూత ఆ రోజుల్లో పడేటట్టు వెనక్కి లెక్కేసుకోవాలి. పంచాంగం భాషలో చెప్పాలంటే కార్తీకంలో విత్తనం, మార్గశిరంలో నాటడం, సంక్రాంతికి పూత, శివరాత్రి ప్రాంతానికి మొదటి పండు, ఉగాదికి బాగా కోతలు. శ్రీరామనవమి దాటిందంటే కొత్త పిందె మీద ఆశ పెట్టుకోకండి, ఉన్న కాయలు పండించుకుని ముగించడమే. మార్కాపురం, గిద్దలూరు వైపు ఉన్నవాళ్ళు సముద్రానికి దూరం, రాత్రులు ముందే చల్లబడతాయి, కాబట్టి అక్టోబర్‌లోనే విత్తనం వేసుకోవచ్చు.

నవంబర్‌లో విత్తనం వేయడంలో ఇంకో లాభం కూడా ఉంది. వానలు దంచికొట్టే రోజుల్లో మొక్క ఇంకా చిన్న ట్రేలో ఉంటుంది, చేత్తో ఎత్తి వరండాలో పెట్టేయొచ్చు. 2023 డిసెంబర్ మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మిద్దెల మీద పెద్ద మొక్కలున్నవాళ్ళ అవస్థ వేరు, నారు దశలో ఉన్నవాళ్ళ పని వేరు. అందుకే డిసెంబర్ పదో తారీఖు దాటాక, వాతావరణ శాఖ వాళ్ళ ముందస్తు సూచన చూసుకుని, అల్పపీడనం ఏదీ లేదనుకున్నాక పెద్ద కుండీలోకి మార్చండి. వారం ఆలస్యమైనా ఫర్వాలేదు.

నాటు అంటే ఏది, విత్తనం ఎక్కడ

బజార్లో నాటు టమాటా అని అమ్మేదంతా నాటు కాదు. పైన గీతలు గీతలుగా, కొంచెం నొక్కినట్టు, తొడిమ దగ్గర పచ్చగా, తోలు పల్చగా, కోస్తే రసం కారిపోయేది, పులుపు నాలుకకి తగిలేది పాత రకం. మదనపల్లె నుంచి క్రేట్లలో వచ్చే గట్టి కాయ దాదాపు అంతా హైబ్రిడ్. లారీ ప్రయాణానికి, నాలుగు రోజులు దుకాణంలో నిలవడానికి తయారుచేసిన కాయ అది, దాన్ని తప్పుపట్టలేం. కానీ చేపల పులుసులోకి, పప్పుచారులోకి పాత కాయ వేస్తే తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

విత్తనం కోసం మొదట అడగాల్సింది మెట్ట ఊళ్ళలో ఉన్న చుట్టాలని. ఉదయగిరి, కనిగిరి, పామూరు వైపు మీకెవరైనా ఉంటే, పెరట్లో ఏళ్ళ తరబడి తన విత్తనమే తను తీసుకుంటున్న అవ్వ ఎవరైనా ఉందేమో కనుక్కోండి. ఒక పండు అడిగి తెచ్చుకుంటే చాలు, దాంట్లో వంద విత్తనాలు ఉంటాయి. టమాటా తన పుప్పొడితో తనే పిందె కట్టే మొక్క కాబట్టి నాటు పండు విత్తనం నుంచి దాదాపు అదే కాయ వస్తుంది. హైబ్రిడ్ పండు విత్తనం వేస్తే మొక్క రాదని కాదు, వస్తుంది, కాకపోతే ఒక్కో మొక్కకి ఒక్కో రకం కాయ కాస్తుంది.

అలాంటి చుట్టాలు లేనివాళ్ళకి పరిశోధన కేంద్రాలు విడుదల చేసిన సూటి రకాలున్నాయి. అవి అవ్వల కాలం నాటివి కాకపోయినా హైబ్రిడ్లు కావు, విత్తనం మనమే తీసి దాచుకోవచ్చు. ఢిల్లీలోని పూసా సంస్థ వాళ్ళ పూసా రూబీ చాలా పాతది, కొంచెం గీతలున్న పుల్లటి కాయ, మొక్క పొడుగ్గా పెరుగుతుంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు పెరియకుళంలో అక్కడి స్థానిక రకం నుంచి తయారుచేసిన పీకేఎం 1 ఇంకా మన నాటు కాయకి దగ్గర, చదునుగా, భుజాల దగ్గర పచ్చగా ఉంటుంది, మొక్క గుబురుగా ఉండి ఎత్తు తక్కువ. మొదటిసారి కుండీలో పెంచేవాళ్ళకి నేను పీకేఎం 1 నే చెబుతాను. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ళ అర్కా వికాస్ కూడా సూటి రకమే. అయితే అర్కా పేరుంటే చాలు అనుకోకండి, అర్కా రక్షక్ ఎఫ్1 హైబ్రిడ్. ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉందా లేదా చూడటం ఒక్కటే అసలు పరీక్ష.

ఆన్‌లైన్‌లో చెరోకీ పర్పుల్, బ్లాక్ క్రిమ్, బ్రాందీవైన్ అని విదేశీ పాత రకాలు కూడా దొరుకుతాయి. నిజంగానే గొప్ప రుచి ఉన్న కాయలు, వాటిని పెంచాలన్న సరదా నాకు అర్థమవుతుంది. కానీ పావు కిలో, అర కిలో తూగే పెద్ద కాయల రకాలు వేడిలో పిందె కట్టడానికి బాగా మొండికేస్తాయి. మన చలికాలం వాటికి చాలదు. అంత కోరికుంటే ఒక్క మొక్క వేసుకోండి, మిగతావి నాటువో, చెర్రీ టమాటాలో వేయండి. చిన్న కాయల రకాలు వేడికి ఎక్కువ తట్టుకుంటాయి. ఇక నీలం టమాటా, ఇంద్రధనుస్సు టమాటా అంటూ వంద విత్తనాలు 99 రూపాయలకి అమ్మే ఫోటోలు కంప్యూటర్లో రంగులు వేసినవి. ఆ డబ్బుతో వేప పిండి కొనుక్కోండి.

కుండీ, మట్టి

ఒక మొక్కకి ఒక కుండీ. కనీసం 20 లీటర్లది, అంటే పెయింట్ బకెట్ అంత. పూసా రూబీ లాంటి పొడుగు రకానికి 15 బై 15 అంగుళాల గ్రో బ్యాగ్ అయితే హాయి. పెద్ద బ్యాగులో రెండు మొక్కలు పెడితే కాయలు రెట్టింపు అవుతాయనుకోవడం ఉత్త ఆశ, రెండూ కలిసి ఒకదాని అంతే కాస్తాయి, తెగులు మాత్రం రెండింటికీ వస్తుంది. చిన్న పూలకుండీల్లో టమాటా పెట్టి ఫోటో తీసుకోవచ్చు, కూర వండుకోలేం.

నెల్లూరులో ఇంకో మంచి కుండీ దాదాపు ఉచితంగా దొరుకుతుంది. చేపలు, రొయ్యలు ఐసులో వేసి తెచ్చే థర్మాకోల్ పెట్టెలు, చేపల మార్కెట్ దగ్గర అడిగితే పది ఇరవై రూపాయలకి ఇచ్చేస్తారు. పక్కల నుంచి ఎండ వేడి లోపలికి దిగదు కాబట్టి మార్చిలో నల్ల ప్లాస్టిక్ కుండీలో వేర్లు ఉడికిపోతున్నప్పుడు కూడా ఇందులో చల్లగా ఉంటాయి. లోతు ఒక అడుగుకి తగ్గకుండా ఉన్నది తీసుకోండి, ఉప్పు వాసన పోయేదాకా రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడిగి ఎండబెట్టండి, అడుగున బొటనవేలు దూరే రంధ్రాలు ఏడెనిమిది పెట్టండి. ఎండకి రెండేళ్ళలో పొడిపొడిగా రాలడం మొదలవుతుంది, అప్పుడు తీసేయాలి, లేకపోతే ఆ పూసలు మిద్దంతా ఎగురుతాయి.

ఏ కుండీ అయినా నేల మీద నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి. నీళ్ళు పోతాయి, స్లాబుకి చెమ్మ పట్టదు. తడిసిన 15 అంగుళాల బ్యాగు 40 కిలోల పైనే ఉంటుంది, కాబట్టి మిద్దె మధ్యలో గుంపుగా పెట్టకండి, గోడల వెంబడి, కింద దూలాలున్న చోట వరసగా పెట్టుకోండి. అద్దె ఇల్లయితే ఓనర్ గారికి ముందే ఒక మాట చెప్పడం మంచిది.

మట్టి విషయంలో రకరకాల లెక్కలు చెబుతారు. నాకు తెలిసి పనిచేసేది సులువైనదే. ఎర్రమట్టి ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీ కంపోస్టో ఒక వంతు, మిగతా వంతులో సగం కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి, సగం వరి ఊక. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి ఉన్నవాళ్ళు ఆ మట్టి పావు వంతుకి మించి వేయకండి, కుండీలో అది తడిస్తే జిగురు, ఎండితే రాయి. సముద్రపు ఒడ్డు ఊళ్ళ ఇసుకలో ఉప్పు ఉంటుంది, అది వద్దు, పెన్నా ఇసుక అయితే కొంచెం కలపొచ్చు. మన వైపు గొర్రెల మందలకి లోటు లేదు, గొర్రె ఎరువు దొరికితే పశువుల ఎరువు కంటే బలం ఎక్కువ, కాబట్టి సగమే వేయండి, అదీ కనీసం మూడు నెలలు కుప్పలో మాగినదే. పచ్చి ఎరువు వేస్తే వేడి పుట్టి వేర్లు మాడతాయి.

కుండీకి రెండు గుప్పెళ్ళు వేప పిండి, దాంతో పాటు మట్టిలోని తెగుళ్ళని అణిచే మంచి బూజు, ట్రైకోడెర్మా విరిడి పొడి ఒక చెంచా కలిపి, మట్టిని తడిపి, నారు పెరిగే నెల రోజులూ నీడలో వదిలేయండి. కిందటేడాది వంకాయ, మిరప, బంగాళాదుంప వేసిన మట్టి మాత్రం టమాటాకి వాడొద్దు. అన్నీ ఒకే కుటుంబం, వడలు తెగులు, నులిపురుగులు ఆ మట్టిలోనే కాచుకుని ఉంటాయి.

నీళ్ళు, అందులోని ఉప్పు

మన జిల్లాల్లో కుండీ తోట ఎక్కువగా చచ్చేది పురుగు వల్ల కాదు, నీళ్ళ వల్ల. తీరం వెంబడి ఊళ్ళలో, రొయ్యల చెరువుల పక్క ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పుగా ఉండటం కొత్త సంగతేం కాదు. నేలలో అయితే ఆ ఉప్పు వానకి కిందికి దిగిపోతుంది. కుండీలో రోజూ పోస్తున్న నీళ్ళు ఆవిరైపోయి ఉప్పు మాత్రం మట్టిలోనే మిగులుతుంది, రోజురోజుకీ పేరుకుంటుంది. కుండీ అంచున తెల్లటి పొర, ఆకుల కొనలు కాలినట్టు గోధుమ రంగు, తడి ఉన్నా మొక్క వాడినట్టుండటం, ఇవి కనిపిస్తే అది ఉప్పే.

నీళ్ళ క్యాన్లు వాడే ఇళ్ళలో ఇప్పుడు చాలామంది దగ్గర నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతో చూపించే పెన్నులాంటి టీడీఎస్ మీటర్ ఉంటోంది. మీ బోరు నీళ్ళు 1000 లోపు చూపిస్తే టెన్షన్ పడొద్దు, పోసుకోండి. 1000 నుంచి 1500 మధ్య అయితే మున్సిపల్ నీళ్ళో వాన నీళ్ళో సగం కలిపి పోయండి. అంతకు మించితే ఆ నీళ్ళు టమాటాకి వద్దు, తోటకూరకో మరో దానికో వాడుకోండి. నీళ్ళలో కొద్దిపాటి ఉప్పుంటే టమాటా రుచి నిజంగానే పెరుగుతుంది, కాయ చిన్నదై చిక్కబడుతుంది, కానీ ఆ కొద్దిపాటి ఎంతో కుండీలో మనం పట్టుకోలేం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆర్వో మిషన్ నుంచి పక్క పైపులో వృథాగా పోయే నీళ్ళని మొక్కలకి పోయండి, నీళ్ళు ఆదా అవుతాయి అని చాలామంది సలహా ఇస్తుంటారు. బోరు నీళ్ళలో ఉన్న ఉప్పంతా చిక్కబడి బయటికొచ్చేది ఆ పైపులోనే. దాన్ని బాత్రూమ్ కడగడానికి వాడండి. ఏసీ నుంచి కారే నీళ్ళు అలా కాదు, వాటిలో ఉప్పు ఉండదు, బకెట్ పెట్టి పట్టుకుంటే మొక్కలకి బాగా పనికొస్తాయి. నవంబర్ వానల్లో డ్రమ్ములు నింపి మూతలు పెట్టుకుంటే జనవరి దాకా నారు అవసరాలకి సరిపోతాయి, మూత లేకపోతే దోమలు.

కోకోపీట్ ఇటుకలో కూడా ఉప్పు ఉంటుంది. కొబ్బరి పీచుని ఉప్పు నీళ్ళలో నానబెట్టే చోట్లు చాలానే ఉన్నాయి. బకెట్లో నానేసి, పిండి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నానేసి, ఇలా మూడుసార్లు చేశాకే మట్టిలో కలపండి. పెరుగుతున్న మొక్కకి కూడా మూడు వారాలకోసారి మంచినీళ్ళు కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పోస్తే పేరుకున్న ఉప్పు కొంత కడుక్కుపోతుంది. ఆ మరుసటి రోజు కొంచెం ఎరువు నీళ్ళు ఇవ్వండి, ఎందుకంటే ఉప్పుతో పాటు బలం కూడా పోయుంటుంది.

రోజుకి ఎన్ని నీళ్ళు అంటే లెక్క లేదు. వేలు రెండు కణుపుల లోతు గుచ్చండి, పొడిగా తగిలితే పోయండి, తడి తగిలితే ఊరుకోండి. జనవరిలో రోజు విడిచి రోజు సరిపోతుంది, మార్చిలో రోజూ పొద్దున్నే కావాలి, ఏప్రిల్‌లో సాయంత్రం కూడా అడుగుతుంది. మొదలు చుట్టూ వరిగడ్డి గానీ శనక్కాయ పొట్టు గానీ మూడు అంగుళాల మందాన పరిస్తే సగం శ్రమ తగ్గుతుంది. ఆకుల మీద నీళ్ళు చల్లే అలవాటు ఉంటే మానుకోండి, జనవరి మంచుకి తోడు అది కూడా కలిస్తే ఆకుమచ్చ తెగులు పిలిచినట్టే వస్తుంది.

నారు, నాటడం

నారు పోసే గుంటల ట్రే, అదే ప్రో ట్రే, లేకపోతే టీ కప్పులకి అడుగున చిల్లు పెట్టండి. కోకోపీట్, వర్మీ కంపోస్ట్ సగం సగం. విత్తనం అర సెంటీమీటర్ లోతు, గుంటకి రెండు. వారం లోపు మొలుస్తాయి. మొలకెత్తిన రోజు నుంచే ఎండ తగలాలి, నీడలో ఉంచితే తీగలాగా సాగిపోయి పడిపోతాయి. వాన మాత్రం నేరుగా పడకూడదు, తడి ఎక్కువైతే మొదలు దగ్గర నలిగి పడిపోయే నారుకుళ్ళు వస్తుంది, వచ్చాక చేసేదేం లేదు. ట్రే మీద బాగా సన్నని కన్నులున్న దోమతెర కప్పడం మర్చిపోకండి, దాని సంగతి కింద చెబుతాను. రెండాకులు వచ్చాక గుంటలో బలహీనమైన దాన్ని కత్తెరతో కత్తిరించేయండి, పీకితే పక్కదాని వేరు కూడా కదులుతుంది.

నాలుగైదు వారాలకి జానెడు మొక్క అవుతుంది. సాయంత్రం ఎండ తగ్గాక నాటండి. కింది ఆకులు తుంచేసి, కాండం సగం దాకా మట్టిలోకి దించండి. టమాటా కాండం మట్టి తగిలిన ప్రతి చోటా వేరు వేస్తుంది, కుండీ మొక్కకి ఆ అదనపు వేర్లు చాలా అవసరం. మూడు రోజులు నీడ, తర్వాత పూర్తి ఎండ. రోజుకి ఆరు గంటల ఎండ లేని బాల్కనీలో టమాటా వద్దు, పుదీనా వేసుకోండి.

కర్ర నాటిన రోజే గుచ్చాలి. నెల తర్వాత గుచ్చితే వేర్లు తెగుతాయి. సరుగుడు కర్రలు మనకి చౌకే, పొడుగు రకానికి ఐదారు అడుగులది, గుబురు రకానికి మూడు అడుగులది. పాత చీర ముక్కతో వదులుగా కట్టండి, ప్లాస్టిక్ తాడు కాండాన్ని కోసేస్తుంది. ఆకుకీ కాండానికీ మధ్య సందులో వచ్చే పిలకల్ని పొడుగు రకాల్లో మొదటి పూగుత్తి కింద వరకూ తీసేయండి, పైవి వదిలేయండి. చల్లని దేశాల వాళ్ళు అన్నీ గిల్లేసి ఒకే కాండం పెంచుతారు, మన ఎండకి అలా చేస్తే ఆకు నీడ లేక కాయ భుజం తెల్లగా బొబ్బెక్కుతుంది. పీకేఎం 1 లాంటి గుబురు రకాలకి పిలకలు తీయనే కూడదు, కాయలు కాసేది వాటి మీదే.

మేత

పూత వచ్చేదాకా పదిహేను రోజులకోసారి ఒక గుప్పెడు వర్మీ కంపోస్ట్ చాలు. పూత మొదలయ్యాక వారం పది రోజులకోసారి ద్రవ ఎరువు. శనగ చెక్క, అంటే వేరుశనగ పిండి, గుప్పెడు తీసుకుని లీటరు నీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, పదింతలు నీళ్ళు కలిపి మొదట్లో పోయొచ్చు. చేపలు తెచ్చుకునే ఇళ్ళలో మీనామృతం ఇంకా బాగుంటుంది. చేపల తలకాయలు, పొట్ట వ్యర్థాలు కిలో, బెల్లం కిలో, ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత వదులుగా పెట్టి మూడు నాలుగు వారాలు నీడలో ఉంచితే చిక్కటి ద్రావణం దిగుతుంది. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లకు మించకుండా కలపాలి. ఎండుచేపలు వాడకండి, మళ్ళీ ఉప్పే. డబ్బా మీద బరువు పెట్టండి, మీ వీధిలో పిల్లులకి ఈ సంగతి మీకంటే ముందే తెలుస్తుంది.

ఆకు ముదురాకుపచ్చగా, మొక్క చెట్టంత పెరిగి, పూత లేకపోతే నత్రజని ఎక్కువైందని. అన్నీ ఆపి కట్టెల బూడిద ఒక చెంచా మట్టిలో కలిపి ఊరుకోండి. పూత వచ్చాక ఉదయం ఎనిమిది పది మధ్య పూగుత్తిని వేలితో రెండుసార్లు తట్టండి, పుప్పొడి రాలి పిందె బాగా కడుతుంది. గాలి బాగా తగిలే మిద్దె మీద అదీ అక్కర్లేదు.

తెల్లదోమ, పొగాకు

నాటు టమాటాకి మన దగ్గర అసలు శత్రువు తెల్లదోమ. అది కుట్టడం వల్ల వచ్చే నష్టం చిన్నది, అది మోసుకొచ్చే ఆకుముడత వైరస్ పెద్దది. ఆకులు దోనెల్లా పైకి ముడుచుకుని, చిన్నవై, అంచులు పసుపెక్కి, మొక్క ఎదుగుదల ఆగిపోతే అది వైరస్. దానికి మందు లేదు. జీవామృతం పోస్తే తగ్గింది, మజ్జిగ కొడితే తగ్గింది అని చెప్పేవాళ్ళ మొక్కలకి వచ్చింది ఎండకి ఆకు ముడుచుకోవడమో, తామర పురుగో అయ్యుంటుంది. కొత్త హైబ్రిడ్లు కొన్నిటికి ఈ వైరస్‌ని తట్టుకునే గుణం పెట్టారు, పాత రకాలకి అది లేదు, ఈ ఒక్క విషయంలో నాటుది హైబ్రిడ్ కంటే తక్కువే. వైరస్ వచ్చిన మొక్కని జాలిపడకుండా పీకి కవర్లో కట్టి పారేయండి, లేకపోతే పక్కవాటికి కూడా అంటిస్తుంది.

చిన్నప్పుడు వైరస్ సోకితే ఒక్క కాయ కూడా రాదు, కాయలు పట్టాక సోకితే కొంతైనా కోసుకోవచ్చు. నారు మీద దోమతెర కప్పమన్నది ఇందుకే. నాటాక పసుపు రంగు జిగురు అట్టలు రెండు మొక్కల ఎత్తులో వేలాడదీయండి. వారానికోసారి లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేప నూనె, అది కలిసేలా కొంచెం కుంకుడు రసం, సాయంత్రం పూట, ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టండి. తెల్లదోమ ఉండేది అడుగునే. పక్కన మిరప, బెండ ఉంటే వాటికి కూడా కొట్టాలి.

పొగాకు పండే జిల్లాలో ఉన్నాం కాబట్టి ఇది కూడా. టమాటా, పొగాకు ఒకే కుటుంబం. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన పొగాకులో కూడా ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. చుట్ట, సిగరెట్, గుట్కా ముట్టుకున్న చేత్తో టమాటా పిలకలు గిల్లితే అది అంటుకోవచ్చు. ఇంట్లో తాతయ్యో నాన్నో సాయంత్రం చుట్ట కాలుస్తూ మొక్కల్లో తిరిగే అలవాటుంటే, తిరగొద్దని అనక్కర్లేదు, సబ్బుతో చేతులు కడుక్కుని ముట్టుకోమని చెప్పండి. పురుగుకి పొగాకు కషాయం కొట్టే పాత పద్ధతి కూడా టమాటా విషయంలో నాకు ఇష్టం ఉండదు, వైరస్ సంగతి అలా ఉంచినా నికోటిన్ విషం, తినే కాయ మీద ఎందుకు.

కాయ తొలిచే ఆకుపచ్చ పురుగుకి నాలుగు మొక్కలే కాబట్టి చేత్తో ఏరడమే మందు. రెండు బంతి మొక్కలు పక్కన ఉంటే అది గుడ్లు వాటి మీద కూడా పెడుతుంది. ఆకు మీద పాము పాకినట్టు తెల్లటి గీతలుంటే ఆ ఆకు తుంచేయండి, అంతే.

కాయ అడుగున నల్లటి మచ్చ పడి లోపలికి గుంటలా కుళ్ళిపోతే అది పురుగు కాదు, తెగులు కాదు. కాయకి కాల్షియం అందలేదు. వెంటనే కోడిగుడ్డు పెంకులు పొడి చేసి వేయమంటారు. ఆ పెంకు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, పైగా మన బోరు నీళ్ళలో సున్నం మామూలుగానే ఎక్కువ. మట్టిలో ఉన్న కాల్షియం కాయ దాకా చేరేది నీళ్ళతోనే, రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు బకెట్ పోస్తే చేరదు. కొట్టుకోవడానికి మందు వెతక్కుండా రోజూ ఒకే వేళకి నీళ్ళు పోయడం మొదలుపెట్టండి, కొత్త కాయలు బాగానే వస్తాయి. పండే కాయ పగలడం కూడా ఇలాంటిదే, నాటు కాయ తోలు పల్చన కాబట్టి ఇంకాస్త ఎక్కువ పగులుతుంది.

కోత, విత్తనం

కాయ అడుగున ఎరుపు తిరగగానే, దోరగా ఉన్నప్పుడే కోసేయండి. మొక్క మీదే పండితేనే రుచి అనుకుంటాం గానీ, రంగు తిరిగిన కాయకి మొక్క నుంచి ఇంక పెద్దగా వచ్చేది లేదు. ఇంట్లో గంపలో పెడితే మూడు రోజుల్లో అదే రుచితో పండుతుంది, ఈలోపు ఉడతలు, చిలకలు, కొండల పక్క ఊళ్ళలో అయితే కోతులు దాన్ని మనకి మిగల్చవు. ఫ్రిజ్‌లో పెట్టకండి, వాసన పోతుంది. మంచి కుండీలో నాటు మొక్క రెండు మూడు కిలోలు ఇచ్చిందంటే బాగా కాసినట్టే. పది కిలోలు అని చెప్పే వీడియోలు చూసి దిగులు పడకండి.

అన్నిటికంటే ఆరోగ్యంగా ఉన్న మొక్క మీద, రెండో మూడో గుత్తిలో, మంచి ఆకారంలో ఉన్న కాయ ఒకటి విత్తనానికి వదలండి. ఇది మాత్రం మొక్క మీదే పూర్తిగా పండి మెత్తబడాలి, దోమతెర ముక్క కట్టి కాపాడుకోండి. గుజ్జుతో సహా విత్తనాలు గాజు గ్లాసులోకి పిండి, కొంచెం నీళ్ళు పోసి, గుడ్డ కప్పి రెండు రోజులు ఉంచితే పైన నురగలా తేలి, విత్తనం చుట్టూ ఉన్న జిగురు విడిపోతుంది. మన వేడికి మూడో రోజు దాకా ఉంచితే లోపలే మొలకెత్తడం మొదలుపెడతాయి, జాగ్రత్త. జాలీలో కడిగి, స్టీలు పళ్ళెంలో పల్చగా పరిచి నీడన ఆరబెట్టండి. కాగితం మీద ఆరబెడితే అతుక్కుపోయి ఊడిరావు. బాగా ఆరాక చిన్న సీసాలో వేసి రకం పేరు, నెల, సంవత్సరం రాసి, తడి తగలని చల్లటి చోట పెడితే నాలుగేళ్ళు మొలుస్తాయి. మీ దగ్గర పాడైనా దొరికేలా కొన్ని విత్తనాలు ఇంకొకరికి ఇచ్చి ఉంచండి.

ఏప్రిల్ ఆఖరుకి మొక్కలు తీసేసి, మట్టిని మిద్దె మీద పట్టా మీద పల్చగా పరిచి, తడిపి, పైన పల్చటి, అవతలివి కనిపించే ప్లాస్టిక్ కవర్ కప్పి అంచులకి ఇటుకలు పెట్టండి. మే నెల ఎండకి, రోహిణి కార్తె అయ్యేసరికి నులిపురుగులు, తెగుళ్ళు చాలావరకు పోతాయి. తర్వాత మాగిన ఎరువు కలిపి గోరుచిక్కుడో బెండో వేసుకోండి. వచ్చే కార్తీకంలో టమాటాకి వేరే మట్టి కలుపుకోండి, ఈ మట్టికి ఇంకో ఏడాది ఆగాలి.